మేము చూడని కింది వరుస

మా పక్కింటి ఆపా శుక్రవారం పొద్దున పోయింది. ఆమె కోడలు గోడ మీదుగా చెప్పింది. చేతిలో ఉన్న చాట దించకుండానే విన్నాను. ఎన్నాళ్లుగానో భయపడుతున్న మాటే.

శంషాబాద్‌లో మా రెండిళ్లకూ ఒకటే గోడ. వాళ్లింట్లో అక్కను ఆపా అంటారు, నేనూ అట్లే పిలిచేదాన్ని. ఇంటి మీదుగా విమానం పోతుంటే ఆమె వేలు పైకెత్తి మాట ఆపేది. చప్పుడు పోయాక ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేది.

కొన్నేళ్ల కింద ఆమెకు రక్త క్యాన్సర్ అని తేలింది. నిదానంగా సాగే రకం, ఇప్పుడే మందు అక్కర లేదు, పరీక్షలు చేయిస్తూ ఉండండి అన్నాడు డాక్టరు. నాకు నిద్ర పట్టలేదు. ఆమె మిషన్ తొక్కుతూనే ఉంది. "నా వంతు ఫికర్ గూడ నువ్వే చెయ్యి చెల్లె, నాకు జాకెట్లు కుట్టేదుంది" అనేది.

డాక్టరు దగ్గరికి ఆరు నెలలకోసారి. నడుమ వచ్చే రిపోర్టులు ఆపా నా దగ్గరికి తెచ్చేది. నేను చదివింది మూడో తరగతి, అంకెలు మాత్రం వచ్చు. జబ్బు ముదిరితే పెరిగే తెల్ల కణాలు ఏ వరుసలో ఉంటాయో కోడలు చూపించింది. ఆ ఒక్క వరుస మీద వేలు పెట్టి, పాత కాగితంతో పోల్చి, "పెరగలే ఆపా" అనేదాన్ని. ఇద్దరం చాయ్ తాగేవాళ్లం.

పోయిన చలికాలం ఆమె చేతుల మీద నీలి మచ్చలు లేచాయి. మెట్లెక్కితే ఆయాసం. "పాతదే కావచ్చు, తెల్ల కణాలు పెరగలే గద" అని ధైర్యం చెప్పింది నేనే. చీమ కుట్టినా దవాఖానకు పోదామనే నేను, ఆ రెండు నెలలు ఊరుకున్నాను.

ఆఖరికి దవాఖానకు పోతే, డాక్టరు మేము చూసిన కాగితంలోనే కింది వరుస చూపించాడు. రక్తం గడ్డకట్టించే కణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఎముక మూలుగ పరీక్షలో ఇంకో రక్త క్యాన్సర్ బయటపడింది.

"పాతది ముదిరిందా సారూ?" అని అడిగాను.

"కాదమ్మా, ఇది వేరేది. పాతది ఉన్నవాళ్లలో కొద్దిమందికి ఇంకోటి కూడా వస్తుంది."

ఒక ఒంట్లో రెండు ఉంటాయని మాకు తెలియదు. ముందే వస్తే నయమయ్యేదా అంటే, చెప్పలేమన్నాడు.

"నేనే ఆలస్యం చేసిన ఆపా" అని మంచం పక్కన ఏడ్చాను.

"ఇద్దరం కలిసే చూసినం గద. మొత్తం నువ్వే తీసుకుంటవా ఏంది, నాకు గూడ జర ఉంచు" అని నవ్వింది.

నిన్న మా ఇంటాయన రక్తపరీక్ష కాగితం వచ్చింది. మొదటి వరుస నుంచి వేలు పెట్టి ఒక్కొక్కటే చూస్తూ వచ్చాను. నడుమ విమానం వచ్చింది. వేలు ఉన్నచోటే ఆగింది. చప్పుడు పోయాక కూడా కొంచెంసేపు కదపలేదు, గోడ అవతల ఆగిన మాట మళ్లీ మొదలవుతుందేమోనని.