కాగ్నా ఒడ్డున తుంటి ఎముక పరీక్ష

మనిషికి కుదురు ఏ వయసులో వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు కానీ, ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో మాత్రం రాదని గట్టిగా చెప్పగలను. ఆ రోజుల్లో నేను ఒకచోట కూర్చుని చదివిన పేజీ ఒక్కటి కూడా లేదు. నడుస్తూ చదివేదాన్ని, అన్నం కలుపుతూ చదివేదాన్ని, పళ్లు తోముకుంటూ అద్దంలో నా దవడ ఎముకను చూసి దాని భాగాలు అప్పజెప్పుకునేదాన్ని. రైల్లో ఎదుటి సీటులో బక్కపలచని వాళ్లెవరైనా కూర్చుంటే ఇక నా కళ్లు నా మాట వినేవి కావు. మెడ దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా వాళ్ల ఎముకలన్నీ వరసగా పేర్లు పెట్టి పిలిచేసేదాన్ని, మనసులోనే అనుకోండి. (ఒకసారి ధారూర్ దగ్గర ఎక్కిన ఒక పెద్దమనిషి భుజాలు దులుపుకుని, "నా మీద పురుగేమన్న పాకుతున్నదా బిడ్డా?" అని అడిగాడు. లేదు తాతా, మీ కాలర్ బోన్ చాలా బాగుంది అని చెప్పలేను కదా.)

మా కాలేజీ వికారాబాద్‌లో, మా ఇల్లు తాండూరులో. మెడికల్ కాలేజీల్లో ఒక ఆచారం ఉంది. మొదటి ఏడాదివాళ్లు చదువుకోవడానికి నిజమైన మనిషి ఎముకలు కావాలి. ప్లాస్టిక్‌వి దొరుకుతాయి గానీ, వాటి మీద గాట్లూ గరుకులూ వేలికి సరిగ్గా తగలవు. అందుకని పై ఏడాది అక్కలు తాము చదివిన ఎముకల సెట్‌ను కిందివాళ్ల చేతిలో పెట్టి వెళ్తారు. ఒక పక్క చేయి, ఒక పక్క కాలు, ఒక తుంటి ఎముక, కొన్ని పక్కటెముకలు, వెన్నుపూసలు, పుర్రె. ఏళ్ల తరబడి చేతులు మారి మారి అవి నున్నగా, తేనె రంగుకు తిరిగి ఉంటాయి. మా హాస్టల్ గదిలో ముగ్గురికి కలిపి అలాంటి సెట్ ఒకటి వచ్చింది. సోమవారం ఎముకల మీద వైవా, అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగే పరీక్ష. ఎవరి సెట్ వాళ్లే తెచ్చుకోవాలన్నారు. ఆదివారమేమో పెత్రమాస, పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య. ఆ రోజు ఇంటికి రాకపోతే మా నాయనమ్మ ఊరుకోదు. నేను నా గది అమ్మాయిలను బతిమాలి, పుర్రె ఒక్కటి వాళ్లకు వదిలేసి, మిగతా సెట్‌ను ఇంటికి తీసుకుపోవడానికి ఒప్పించాను. "సోమవారం పొద్దుగాల మా చేతుల ఉండాలె. ఒక్కటి తగ్గినా నీ ఒంట్లకెల్లి తీసుకుంటం" అని వాళ్లు నవ్వకుండా చెప్పారు.

మాది తరాల నుంచి కందిపప్పు వ్యాపారం చేసే ఇల్లు. కోడిగుడ్డు కూడా మా గడప తొక్కిన పాపాన పోలేదు. అలాంటి ఇంటికి, అదీ పండగ ముందు రోజు, మనిషి ఎముకలు తెచ్చానని చెప్పే ధైర్యం ఎక్కడిది? మా దుకాణం పేరు అచ్చువేసిన గుడ్డసంచిలో అడుగున ఎముకలు, పైన మాసిన బట్టలు సర్ది, మంచం కిందికి తోసేశాను. ఆ సాయంత్రమంతా నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చదువుదామంటే తలుపు మూయాలి, తలుపు మూస్తే ఎందుకు మూశావని అడుగుతారు. చదవకపోతే సోమవారం ఫెయిల్. మా వంశంలో డాక్టరు చదువుకు పోయిన మొదటిదాన్ని నేను. నాన్న దుకాణానికి వచ్చినవాళ్లందరికీ పప్పు తూచే ముందు ఆ సంగతే చెప్పేవాడు. ఇక ఫెయిలైతే తాండూరు బజారులో తల ఎత్తుకోలేం. నేను పెరట్లో తిరుగుతూ, "ఫీమర్, టిబియా, ఫిబ్యులా" అని గొణుక్కుంటుంటే నాయనమ్మ అరుగు మీద కూర్చుని బీరకాయల చెక్కు తీస్తూ నన్నే చూస్తూ ఉంది.

పొద్దున తలస్నానం చేసి వచ్చేసరికి నా మాసిన బట్టలు బకెట్లో నానుతున్నాయి. మంచం కింద సంచి లేదు.

"నాయనమ్మా, నా సంచి ఏది?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మీ బాబాయికిచ్చి పంపిన. అయ్యగారిని తోలుకొని కాగ్నకు పోయిండు."

"కాగ్నకా? ఎందుకు?"

"ఎందుకేంది? నీళ్లల్ల కలిపేటందుకు." నాయనమ్మ నా దగ్గరికి వచ్చి తడి జుట్టు మీద చెయ్యి వేసింది. "నిన్న సందెకెల్లి చూస్తున్న. నిన్ను నిలవనిస్తలేదు, కూసోనిస్తలేదు. ఒక్కదానివే గొణుక్కుంటున్నవ్. బట్టలు ఉతుకుదామని సంచి ఇప్పితే అప్పుడు సమజైంది. నీ దోస్తుల ఇంట్ల ఎవరో పోయిన్రు. వాళ్లకు దగ్గర్ల నది లేదని నీ చేతికిచ్చిన్రు. మాకు చెప్పబుద్ధి గాక పరేషాన్ అయితున్నవ్. పెత్రమాస నాడు ఎవరి పెద్దలో మన ఇంటిదాక వస్తే పొమ్మంటమా?" అని, గొంతు తగ్గించింది. "మంచిగ కాలలే పాపం. వానలకు కట్టెలు తడిసినయేమో."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. విడమరచి చెప్పేంత తీరిక లేదు. బాబాయికి ఫోన్ చేస్తే పక్క గదిలోనే మోగింది. మైలపడితే బట్టలు ఉతుక్కోవచ్చు, ఫోన్‌ను ఎలా కడుగుతామని ఇంట్లోనే పెట్టి వెళ్లాడట. అమ్మ స్కూటీ తాళంచెవి లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాను. ఆ రోజు తాండూరులో ఉన్న బండల లారీలన్నీ నా ముందే పోవాలని పంతం పట్టాయి. ఒక్కొక్కటీ నాపరాళ్లు నింపుకుని, పెళ్లికూతురిలా మెల్లగా నడుస్తోంది. హారన్ కొట్టాను, అరిచాను, చివరికి ఒక డ్రైవరన్నకు చేతులెత్తి దండం పెట్టాను. "గంత తొందరేందమ్మా, ఎవరన్న సచ్చిన్రా?" అన్నాడు. నేను లారీ పక్కనుంచి స్కూటీని దూర్చేసి ముందుకు పోయాను.

నది దగ్గర జనం బాగా ఉన్నారు. ఇళ్లకు వచ్చి బియ్యం తీసుకునే అయ్యగారి కోసం ఎదురుచూడలేక ఇక్కడికే విస్తరాకుల్లో బియ్యం, గుమ్మడికాయ, పప్పు పట్టుకుని వచ్చినవాళ్లు వరసగా నిలబడి, "మా వంతెప్పుడు?" అని తొందరపెడుతున్నారు. అయ్యగారు మంత్రం చదువుతూనే మధ్యలో ఫోన్ తీసి, "వస్తున్న, వస్తున్న" అంటున్నాడు. ఆయన ముందు పెద్ద విస్తరాకు, దాని మీద మా గది సెట్టంతా పరిచి ఉంది. మా బాబాయి మోకాలి లోతు నీళ్లలో, తడి పంచెతో, మొహం పక్కకు తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. (ఇంట్లో బల్లి పడితే మా పిన్నిని పిలిచే మనిషి ఆయన.) చేతిలో తొడ ఎముక. దాన్ని రెండు వేళ్లతో, ఎంత తక్కువ తగిలితే అంత మంచిదన్నట్టు పట్టుకున్నాడు.

"బాబాయ్! ఇడువకు!" అని గట్టు మీది నుంచే కేక పెట్టాను.

కళ్లు మూసుకున్న మనిషికి ఆ కేక ఎవరిదని తోచిందో మరి, బాబాయి ఒక్క గెంతు గెంతి ఎముకను వదిలేశాడు. నేను చున్నీతో సహా నీళ్లలోకి దూకి, బురదలో తడిమి తడిమి దాన్ని పట్టుకున్నాను. గట్టు మీద ఒక అవ్వ, "అయ్యో, ఎవలో దగ్గరోళ్లే పోయినట్టున్నరు, పిల్ల ఎట్ల ఏడుస్తుందో సూడు" అని కళ్లు తుడుచుకుంది.

సంగతంతా ఊపిరి ఆడకుండా చెప్పాను. బాబాయి నమ్మలేదు, తర్వాత నమ్మాడు, తర్వాత నా మీద కోప్పడ్డాడు. అయ్యగారు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "బొక్కలు తీసుకపో తల్లీ, నాకేం వద్దు. గానీ సంకల్పం చెప్పిన. నడుమల ఆపద్దు. నువ్వుల నీళ్లు ఇడిచి లేవాలె. నేను గదే అడుగుతున్న మీ బాబాయిని. గోత్రం తెల్వకుంటే కాశ్యప గోత్రం అంటం, పేరు తెల్వకుంటే దేవుని పేరు అంటం. ఆడనో మగనో కూడ తెల్వకుంటే నేను ఎవరికని ఇప్పియ్యాలె?"

బాబాయి నా వైపు తిరిగాడు. "నువ్వు డాక్టర్‌వి గదా. చెప్పు."

జనమంతా నన్నే చూశారు. నిన్నటి నుంచి ఇల్లంతా తిరుగుతూ వల్లించిన పాఠం నా తలలోంచి నదిలోకి జారిపోయింది. తుంటి ఎముక చేతిలోకి తీసుకున్నాను. మొదట తలకిందులుగా పట్టుకున్నాను. తిప్పాను. కుడిదా ఎడమదా అనేదే తోచలేదు. "జల్ది చెప్పమ్మా, మా ఇంట్ల పొయ్యి మీద బూరెలున్నయ్" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమాను. ఆ ఎముక వెనక అంచున ఒక పెద్ద గంటు ఉంటుంది. మగవాళ్లలో అది ఇరుకు, బొటనవేలు పెడితే బిగుసుకుంటుంది. ఆడవాళ్లలో వెడల్పు, వేలు అటూ ఇటూ ఆడుతుంది. నా వేలు ఆడింది. దాని పక్కనే ఒక లోతైన గాడి కూడా తగిలింది.

"ఆడామె" అన్నాను.

"పిల్లలున్నరా?" అన్నాడు బాబాయి ఉన్నట్టుండి.

"గట్టిగ చెప్పలేం బాబాయ్. ఇగో, గీడ గాడి ఉన్నది చూడు. కాన్పైనోళ్లకు గిట్ల లోతుగ ఉంటదని అంటరు. అందరికీ కాదు."

అప్పటిదాకా అటువైపు చూడని మా బాబాయి మొదటిసారి ఆ ఎముకను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నీళ్లతో చేతులు కడుక్కుని, దోసిట్లో నువ్వులు పట్టుకుని, అయ్యగారు చెప్పిన ప్రతి మాటా తప్పు లేకుండా చెప్పాడు. పసుపూ కుంకుమా పెట్టాలా వద్దా, ముత్తైదువో కాదో తెలియదు కదా అని అయ్యగారు కాస్త తటపటాయిస్తే, "పెడితే ఏమైతదయ్యగారూ" అంటూ తన వేలితోనే తుంటి ఎముకకు బొట్టు పెట్టాడు. నేను మాత్రం తడి బట్టల్లో వణుకుతూ నిలబడ్డాను. అన్ని నెలలుగా నేను వాటిని పక్కన పెట్టుకుని బిస్కెట్లు తిన్నాను, పుస్తకం పేజీ ఎగరకుండా మీద పెట్టాను. ఆవిడ ఒక మనిషి అన్న సంగతి ఒక్కసారీ నా బుర్రలోకి రాలేదు.

ఇంటికి వచ్చాక నాయనమ్మకు అన్నీ వివరించాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ ఒక్కటే అడిగింది: "ఆమె ఒప్పుకొనే ఇచ్చిందా బిడ్డా?"

తెలియదు నాయనమ్మా అన్నాను. నిజంగానే తెలియదు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. నాయనమ్మ లేచి, మా తాతల పేరిట వరసగా పెట్టిన బియ్యం పళ్లేల పక్కన ఇంకో పళ్లెం పెట్టింది.

సోమవారం వైవాలో సారు నా సెట్‌లోంచి నేరుగా తుంటి ఎముకనే తీశారు. రాత్రి ఎంత కడిగినా, తొడ ఎముక తల వచ్చి కూర్చునే గుంట ఉంటుందే, దాని మూలల్లో కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది. సారు దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు, నన్ను చూశారు.

"ఇది ఆడవాళ్లదా, మగవాళ్లదా?"

"ఆడవాళ్లది సార్."

"ఎలా చెప్పగలవు? బొట్టు ఉందనా?"

గదంతా నవ్వింది. నేను మాత్రం బొటనవేలు గంటులో పెట్టి, ఆడించి, గాడి చూపించి, ఆగకుండా చెప్పేశాను. కుడివైపుది అని కూడా చెప్పాను. సారు దాన్ని పక్కన పెట్టి తర్వాతి ఎముక తీశారు. (మణికట్టు ఎముకల దగ్గర తర్వాత నేను పడ్డ పాట్లు వేరే సంగతి. గట్టెక్కానంటే ఆ తుంటి ఎముక పుణ్యమే.)

ఏడాది చివర ఆచారం ప్రకారం సెట్‌ను కిందివాళ్లకు ఇవ్వాల్సి వచ్చింది. నాయనమ్మకు ఆ మాట ఫోన్‌లో ఎలా చెప్పాలా అని హాస్టల్ వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి చెప్పాను. "ఇంకో పిల్లకు చదువు చెప్తదన్నట్టు" అంది నాయనమ్మ. "చెప్పనీ. గానీ మాసిన బట్టల కింద పెట్టుడేంది? జర ఆగు, పంపుతున్న." వారం తిరక్కుండా బాబాయి వచ్చి ఒక సంచి ఇచ్చి వెళ్లాడు. నాయనమ్మ తన పెళ్లినాటి పట్టుచీర కొంగు చింపి కుట్టించిన సంచి. చుట్టూ జరీ అంచు. మా గది అమ్మాయిలు దాన్ని చూసి నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను, నవ్వుతూనే ఎముకలన్నీ అందులో సర్ది కిందివాళ్ల చేతిలో పెట్టాను.

ఇప్పుడు నాయనమ్మ లేదు. నేను ఎముకల డాక్టర్‌నయ్యాను. కుదురు మాత్రం ఇంకా రాలేదు, వార్డులో నన్ను అందుకోవడానికి నర్సులు పరుగెత్తాలి. పోయిన నెల మా పాత కాలేజీ నుంచే ఒక అమ్మాయి మా ఆసుపత్రిలో పనిలో చేరింది. టీ తాగుతూ హాస్టల్ కబుర్లు చెబుతూ, "మా దగ్గర ఒక బోన్ సెట్ ఉంటది మేడమ్, పట్టుసంచిల వస్తది. దాన్ని కింద పెట్టద్దు, కాలు తాకనియ్యద్దు, పెత్రమాస నాడు తెరవద్దు. ఎవరు పెట్టిన్రో రూల్సు, ఎవరికీ తెల్వదు. గానీ అందరం పాటించినం" అంది నవ్వుతూ.

ఏళ్ల తర్వాత మొదటిసారి నేను కాళ్లు కదపకుండా ఒకచోట కూర్చున్నాను. టీ చల్లారిపోయింది.

"బాగుందా ఆమె?" అన్నాను.

"ఎవరు మేడమ్?" అంది ఆ పిల్ల.