బావగారికి అందని కబురు

"పోనీ, నువ్వెళ్ళేది ఆ దారినే కదా. అన్నయ్యని ఒకసారి రమ్మను. రెండో కొస పట్టుకునే మనిషి లేక ఆగిపోయేను."

"ఆయ్, చెప్తానండి."

మా ఆయనకీ నాకూ మధ్య చివరి మాటలు ఇవే. ఆయన వ్యాను కింద పడుకుని ఉన్నారు, నాకు కనిపించినవి కాళ్ళే. నేను ప్రార్థన కూటానికని కట్టుకున్న తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దూరంగా నిలబడ్డాను. చెప్తానన్నాను. చెప్పలేదు.

ఇలాగే రాయమ్మా. ఆయనన్న అన్నయ్య మీ నాన్నగారే, నాకు బావగారు. ఆయనకి ఇది తెలియాలి. పదిహేనేళ్ళయింది. నువ్వప్పుడు పలక పట్టుకుని బడికెళ్ళేదానివి.

మాది రాజోలు పక్క ఊరు. దిండి రేవుకి మనుషుల్నీ కొబ్బరికాయల్నీ తోలడానికి మా ఆయన ఒక పాత వ్యాను కొన్నారు. వయసులో నాకంటే పెద్దది. నెలలో సగం రోజులు మా వాకిట్లోనే ఉండేది. ఏది విప్పినా రెండో చెయ్యి నాదే. పొయ్యి మీద ఎసరు పెట్టి వెళ్ళి పానా అందించేదాన్ని. గేరుపెట్టె దించినప్పుడు దాని బరువు నా ఒళ్ళో మోశాను. ఎంత తోమినా గోళ్ళలో గ్రీజు పోయేది కాదు.

ఒకసారి ఆడవాళ్ళ ప్రార్థన కూటానికి వెళితే, మీ అమ్మ చాప మీద కాస్త అవతలికి జరిగి, "నువ్వొచ్చి కూర్చుంటే పెట్రోలు బంకు వచ్చినట్టుంటుంది చెల్లీ" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి చేతులు మంట పుట్టేదాకా కుంకుడుకాయతో రుద్దుకున్నాను. ఆ తర్వాత మా ఆయన పోయేదాకా మీ గుమ్మం తొక్కలేదు. మీ అమ్మ అన్నదని చెయ్యి ఆపకు, రాయి. ఆవిడ సరదాకి అంది. దాన్ని మనసులో పెట్టుకుని తిరిగింది నేను.

అన్నదమ్ములిద్దరికీ కూడా అప్పటికి ఆరునెలలుగా మాటల్లేవు. పొలానికి నీళ్ళ బోదె తవ్వే దగ్గర ఏదో మాట వచ్చింది. ఎదురుపడితే ఒకరు తల తిప్పుకునేవారు. అలాంటి మనిషి, నిన్ననే మాట్లాడుకున్నట్టుగా, అన్నయ్యని రమ్మను అన్నారు. అది ఎంత పెద్ద మాటో నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని రాయకు.

ఆ రోజు ఆయన ముందు ఇరుసు దించుతున్నారు. ముందు చక్రాలు రెండింటికీ మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం అది. బోల్టులు మూడు రోజులు కిరసనాయిల్లో నాననిచ్చారు. వ్యాను ముందు భాగాన్ని కొబ్బరి దుంగల మీదకి ఎత్తారు. ఇరుసు నేలకి తగలకుండా జారడానికి కింద అరటి బొందెలు పరిచారు. నడిమికి జాకీ పెడితే అది తక్కెడలా ఊగుతుంది. ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస ఇంకొకరు పట్టుకోవాలి.

ముందు నన్నే అడిగారు.

"కాస్త పట్టుకోవే."

"చీర కట్టేసుకున్నానండి."

"ఏం, చీర కట్టుకుంటే చేతులుండవా?"

"మీక్కావలసింది పెళ్ళామా, కూలిమనిషా?"

ఆయన నవ్వి, అప్పుడు అన్నయ్య మాట ఎత్తారు.

మీ ఇంటి మలుపు దాకా వెళ్ళాను. మీ నాన్నగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. లోపలి నుంచి మీ అమ్మ గొంతు వినిపించింది. నా గోళ్ళు చూసుకున్నాను. కూటం అయ్యాక వచ్చేటప్పుడు చెబుదాం, అంతదాకా ఆయన ఆగుతారులే అనుకున్నాను. వెనక్కి తిరిగి కాలువ గట్టు పట్టుకుని వెళ్ళిపోయాను. కూటంలో మీ అమ్మ నా పక్కనే కూర్చుంది. అప్పుడైనా ఆవిడ చెవిలో వేయొచ్చు. వేయలేదు. ఆ రోజు ఆవిడ జరగలేదు, నాకు అదే చాలనిపించింది.

ఆయన చాలాసేపే ఎదురుచూసి ఉంటారు. తర్వాత ఒక్కరే మొదలుపెట్టారు. ఒక కొస బాగానే దిగింది. రెండోది బిగుసుకుంటే కొట్టడానికి కిందకి దూరారు. అది గుండెల మీదకి వచ్చింది. పక్క తోటలో కొబ్బరికాయల దింపు తీస్తున్నవాళ్ళు చప్పుడు విని, వచ్చి చూసి, మీ నాన్నగారి కోసం పరిగెత్తారు. ఆయన వచ్చి ఇరుసు ఎత్తేసరికే అయిపోయింది.

నేను వచ్చేసరికి వాకిలి నిండా జనం. ఆయన ఒంటి మీద ఉతికిన చొక్కా ఉంది. బండి కిందకి దూరేటప్పుడు చొక్కా వేసుకునే మనిషి కాదు. అరుగు చివర రెండు కొబ్బరి బొండాలు మూతులు చెక్కి పెట్టి ఉన్నాయి. ఎవరికోసమో నాకొక్కదానికే తెలుసు. ఏడుస్తూనే వాటిని తీసుకెళ్ళి పెరట్లో కాలువలో పడేశాను. ఎవరైనా చూసి, రెండెందుకు అని అడుగుతారని.

మీ నాన్నగారు నా ముందు కూలబడ్డారు. "ఇంట్లోనే ఉన్నానమ్మా. ఒక్క కేకేస్తే వచ్చేవాణ్ణి కదా. పిలవమని నీతో ఏమైనా అన్నాడా?"

"లేదండి బావగారూ."

అంతే అన్నాను. సమాధి దగ్గర మీ నాన్నగారు, వాడిది ఎవర్నీ పిలిచే స్వభావం కాదన్నారు. చుట్టాలందరూ అదే పట్టుకున్నారు. పదిహేనేళ్ళుగా ఆ మాట వచ్చినప్పుడల్లా నేను తల దించుకుంటే, దుఃఖం అనుకున్నారు. మీ నాన్నగారు నా పిల్లలకి ఫీజులు కట్టారు, నా ఇంటి కప్పు నేయించారు. ఆయన మంచి చేసినకొద్దీ నా నోరు ఇంకా మూసుకుపోయింది.

మొన్న ఆయన మంచం పట్టారని చూడటానికి వెళ్ళాను. "అక్కడికెళ్ళాకయినా వాడు నాతో మాట్లాడతాడంటావా?" అని అడిగారు. చెప్పాలని నోరు తెరిచాను. మంచినీళ్ళు కావాలా అని అడిగి లేచి వచ్చేశాను.

అందుకే నిన్ను పిలిచాను. ఇది పట్టుకెళ్ళి ఆయన పక్కన కూర్చుని చదువు. తిడితే తిట్టనీ. నన్ను రావద్దంటే రాను. ఆయన తమ్ముడు ఆయన్ని పిలిచాడు, అది తెలిస్తే చాలు.

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు, అంత రాత చదవలేను. ఒకసారి మొదటి నుంచి చదివి వినిపించమ్మా. నా మీద జాలిపడి ఎక్కడైనా తగ్గించి రాశావేమో వింటాను.