చివరి ఊచ పక్కన ఖాళీ

మా ఆయన ఈ దీవిలో, ఆస్టినాబాద్‌ అనే చోట గ్రిల్స్, రైలింగులు చేసే చిన్న షెడ్డు నడుపుతారు. పనికి ఒక్కడే వెల్డరు, శ్రీకాకుళం వైపు మనిషి, మాటల్లో ఇక్కడి హిందీ కలుస్తుంటుంది. మధ్యాహ్నాలు నేను పిల్లాణ్ణి చంకనేసుకుని క్యారేజీ తీసుకెళ్తాను.

ఒకరోజు లంబాలైన్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. మేం బిగించిన మేడ రైలింగులో ఆయన మనవడి తల ఇరుక్కుందట. కొబ్బరినూనె రాసి తీశారట. పిల్లాడికేం కాలేదు.

"ఆఖరి సందులోనే ఎందుకు పట్టిందమ్మా? మిగతా వాటిలో పట్టదే!" అన్నారు.

తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో. ఆయన నిజంగా తెలుసుకోవాలని అడిగారు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పైగా మా తెలుగు చర్చి మేడకి రైలింగు ఆర్డరు మా చేతిలోనే ఉంది. ఆదివారాలు పసిపిల్లల తల్లులం కూర్చునేది ఆ మేడ మీదే. మావాడికి ఏడాదిన్నర. సందు కనిపిస్తే తల పెట్టకుండా ఉండడు.

షెడ్డు గోడకి ఆనించి ఉన్న మూడు రైలింగుల్ని టేపుతో కొలిచాను. మూడింటిలోనూ మొదటి సందు కాస్త ఇరుకు, చివరిది కాస్త వెడల్పు.

"మన వెల్డరు కొలత తప్పుతున్నాడండీ," అన్నాను మా ఆయనతో, మెల్లగా.

"ముప్పై ఏళ్ల చెయ్యి అది. వీడు పుట్టినప్పట్నుంచి నీకు అన్నీ భయాలే."

భయమే, కాదనను. అయినా చాతం కలప మిల్లు నుంచి ఎప్పుడో తెచ్చిన పడాక్ చెక్కముక్క ఒకటుంటే కొలతకి కోయించాను. సరైన సందులో అది దూరదు. సందు ఏమాత్రం పెరిగినా దూరిపోతుంది. చర్చి రైలింగు వెల్డింగు అవుతుండగానే పక్కన నిలబడి ప్రతి సందులో పెట్టి చూశాను. ఎక్కడా దూరలేదు.

"ఏటి దీదీ, పాసయ్యానేటి?" వెల్డరు ముసుగు ఎత్తి నవ్వాడు.

"ఫస్ట్ క్లాస్, భయ్యా," అన్నాను. సిగ్గేసింది.

మర్నాడు చెక్కని ఆడుకోమని మావాడి చేతికిచ్చాను. వాడు తిన్నగా వెళ్లి చర్చి రైలింగు ఆఖరి సందులోకి తోశాడు. అది అవతల ఠప్పున పడింది.

నిన్న పట్టని చెక్క ఇవాళ ఎలా పట్టింది? ఇనుము రాత్రికి రాత్రి కదిలిందా? వెల్డర్నే అడిగాను.

"సల్లారింది గదా దీదీ. వెల్డు సల్లారితే ఊచని తన పక్కకి లాగుతాది. నా చేతికి అలవాటు, అన్నిటికీ ఎడం పక్కే ఏస్తాను. ఊచలన్నీ అటు జరుగుతాయి. ఆఖర్న స్తంభం కదల్దు గదా, ఆ సందు పెరుగుతాది."

"ఇది నీకు ముందే తెలుసా?"

"ఎప్పట్నుంచో."

"మరి చెప్పలేదేం?"

"ఎవులడిగారు? చూడ్డానికి బరాబర్ ఉంటే చాలంటారు మన భయ్యా," అని మా ఆయన వైపు చూశాడు. ఆయన తన జేబులోనే ఉన్న టేపు కోసం బల్ల మీద వెతకడం మొదలుపెట్టారు.

"లాక్కుండా చెయ్యలేమా?"

"ఎందుకు చెయ్యలేం? ముందు అన్నిటికీ చిన్న వెల్డు చుక్కలు పెట్టేసి, తర్వాత ఒకటి ఎడం పక్క, ఒకటి కుడి పక్క ఏస్తే సరి. టైమ్ లగ్తా హై, పని లేటవుతాది, అంతే."

మా ఆయన వెతకడం ఆపి, "చర్చిది కోసేసి అలాగే చెయ్యి. లంబాలైన్‌ది రేపు విప్పుకొద్దాం," అన్నారు. అప్పట్నుంచి ఏ రైలింగైనా పూర్తిగా చల్లారి, మర్నాడు చెక్కతో చూశాకే షెడ్డు దాటుతుంది. ఆ చెక్క ఇప్పుడు వెల్డరు ముసుగు పక్కనే మేకుకి వేలాడుతోంది.

చర్చి మేడ మీద రైలింగు బిగించిన రోజు చెక్క తీసుకెళ్లాను. ఒక్కో సందూ చూసుకుంటూ చివరిదాకా వచ్చేసరికి మావాడు లాక్కుని ఆఖరి సందులో పెట్టి తోశాడు. దూరలేదు. రెండు చేతులతో తోశాడు. నుదురు కూడా ఆనించి తోశాడు. కోపమొచ్చి నావైపు చూశాడు.

పిల్లాడు పడుకున్నాక ఇది రాస్తుంటే ఆ మొహం గుర్తొచ్చి నవ్వొస్తోంది. వాడు తోస్తున్నంతసేపూ నేను మాత్రం వాడి చొక్కా వెనక అంచు వదల్లేదు.