సింహాచలం మావయ్య లోపలికి వెళ్ళిన ఆదివారం

మా సింహాచలం మావయ్య పాసవబోతున్నాడు, బిలాస్‌పూర్ రమ్మని అత్త ఉత్తరం రాసింది. మావయ్య గూడ్సు రైళ్ళ డ్రైవరు. వయసు నలభై ఎనిమిది. ఇంట్లో అందరికీ పనులున్నాయి కాబట్టి, డిగ్రీ తప్పి తీరిగ్గా ఉన్న నన్ను పంపారు. పాసయ్యేవాళ్ళని చూసైనా బుద్ధి వస్తుందని నాన్న ఆశ.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు విజయనగరంలో రైలెక్కాను. రాయగడ దాటాక అమ్మ కట్టిన పులిహోర విప్పేసరికి ఎదుటి సీటు పెద్దాయనకు నా మీద అభిమానం పుట్టింది.

“బిలాస్‌పూర్‌లో పెళ్ళా బాబూ?”

“కాదండీ. మా మావయ్య చర్చిలో సత్యోపదేశం క్లాసులు పూర్తి చేశాడు. రేపు ఉత్సవం.”

“ఈ వయసులో సదువా! ప్రమోషనొస్తాదేటి?”

“వస్తాదండీ. స్కూటర్ దగ్గర్నుంచి బెంచీ మీదకి.”

ఆయన పులిహోర మీద దృష్టి పెట్టాడు. మీకైనా వివరంగా చెప్పాలి. మా ఫిలోమినా అత్త పుట్టుకతో కథోలిక్కు, రైల్వే ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళుగా మావయ్య ప్రతి ఆదివారం ఆమెను చర్చి దగ్గర దింపి, పూజ అయ్యేదాకా బయట స్కూటర్‌కి కాపలా ఉండేవాడు. లోపల అత్త తన పక్కన చోటుంచి, అక్కడ హ్యాండ్‌బ్యాగు పెట్టేది. రమ్మని ఆమె అడగలేదు, వస్తానని ఈయన అనలేదు. కిందటేడు తనంతట తనే క్లాసులో చేరాడు. డ్యూటీల వల్ల పాఠాలు పోయి తప్పాడు. ఈసారీ తప్పితే ఇంకో ఏడాది స్కూటరే.

ఆదివారం ఉదయం ఆరుంబావుకు దిగాను. మావయ్య ఇస్త్రీ చొక్కాతో ప్లాట్‌ఫారం మీదున్నాడు.

“ఏట్రా, గంట లేటు!”

“మీ రైల్వేనే కదా మావయ్యా.”

“నాది గూడ్సు. నానెప్పుడూ టయానికొస్తానని ఎవుడికీ సెప్పలేదు.”

క్వార్టర్‌లో అటుకుల పోహా, జిలేబీ తింటుండగా పదహారేళ్ళ కూతురు రోజీ అసలు సంగతి బయటపెట్టింది. తనదీ అదే బ్యాచి.

“డాడీ ఇంట్లో ఒక్క లైను చెప్పరు బావా. ఇంజన్‌లో అయితే ఫస్ట్ క్లాస్ అంట!”

ఇంజన్‌లో ఒక పద్ధతుంది. సిగ్నల్ చూసి అసిస్టెంటు పైకి చెబుతాడు. డ్రైవరు చెయ్యి చాచి అదే మాట తిరిగి చెబుతాడు. క్లాసులో కంఠతా పట్టమన్న విశ్వాస ప్రమాణాన్ని మావయ్య కూడా అలాగే నేర్చుకున్నాడు. అసిస్టెంటు సాహు కాగితం చూసి ఒక వాక్యం చదివేవాడు, ఈయన తిరిగి చెప్పేవాడు. అలా బొగ్గు రైళ్ళతోపాటు దైవభక్తి కూడా కోర్బా గనుల నుంచి బిలాస్‌పూర్‌కి చేరింది.

ఎనిమిదిన్నరకు చర్చికి చేరాం.

“నువ్వు స్కూటర్ కాడ ఉండు నాన్నా. స్టెప్నీ ఊడదీసుకుపోతారు,” అంది అత్త.

నేను ఐదు నిమిషాలు బాధ్యతగా ఉన్నాను. తర్వాత లోపలికి వెళ్ళి వెనక నుంచున్నాను.

తొమ్మిదిమంది పిల్లలు, ఐదుగురు పెద్దలు వరసగా నిలబడ్డారు. పాఠాలు చెప్పిన సిస్టరు నియమం ప్రకారం ఒక్కొక్కరు విశ్వాస ప్రమాణంలోంచి ఒక్కో వాక్యం చూడకుండా చెప్పాలి. చెప్పలేనివాళ్ళు వచ్చే ఏడాది బ్యాచి. రోజీ తన వాక్యం గడగడా చెప్పేసింది. తర్వాత మావయ్య.

ఆయన వంతుకు పాప క్షమాపణ వాక్యం వచ్చింది. మావయ్య చెయ్యి చాచాడు. నోరు తెరిచాడు. ఆగిపోయాడు. ఎవరైనా ముందు చెబితే తప్ప తిరిగి చెప్పడం ఆయనకు రాదు. ఎదురుగా చూస్తూ, సిగ్నల్ దగ్గర ఆగిన బండిలా నిలబడిపోయాడు. రోజీ తల దించుకుంది. సిస్టరు పెన్ను తీసింది. అత్త పక్కన ఉంచిన హ్యాండ్‌బ్యాగు పిడిని గట్టిగా పట్టుకుంది. నాకు జోకు వేయాలనిపించలేదు. ఆ ప్రయాణంలో అదొక్కటే అద్భుతం.

అప్పుడు నా పక్కనుంచి ఒక కేక. సాహు! మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే, ఉదయమే వచ్చి కూర్చున్న హిందువు. చాచిన చెయ్యి చూడగానే అలవాటుకొద్దీ లేచి నిలబడి, ఆ వాక్యం ఇంజన్ మోత మీద వినపడేంత గట్టిగా చెప్పేశాడు. అంతే గట్టిగా మావయ్య తిరిగి చెప్పాడు. ఒక్క అక్షరం పోలేదు.

సిస్టరు ఫాదరు వైపు చూసింది. ముసలి ఫాదరు నవ్వు ఆపుకుంటూ, లైను క్లియరైంది, బండి వెళ్ళనివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు.

అందరికీ సర్టిఫికెట్లిచ్చారు. పేరు మార్చుకుంటావా అని సింహాచలాన్ని ఎవరూ అడగలేదు. రైల్వే రికార్డులో పేరు మార్చడం దేవుడివల్ల కూడా కాదని ఫాదరుకి తెలుసు. మావయ్య వెళ్ళి అత్త పక్కన నిలబడ్డాడు. ఆమె ముందుకే చూస్తూ, హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

బయటికొచ్చేసరికి స్కూటర్ ఉంది. స్టెప్నీ లేదు. నేను నసుగుతూ నిజం చెప్పాను.

“నానింతకుముందు లోపల ఏటి సెప్పేను రా? క్షమాపణే గదా,” అన్నాడు మావయ్య. స్కూటర్‌కి కిక్కు కొడుతూ, “మళ్ళీ అడక్కు. ఒకపాలికే,” అన్నాడు.

మధ్యాహ్నం మూడున్నరకు తిరుగు రైలు. కిటికీలోంచి అత్త మాంసం కూర టిఫిన్ అందించింది. మావయ్య మాత్రం నన్ను వదిలేసి, బండి బయల్దేరడానికిచ్చే స్టార్టర్ సిగ్నల్ చూస్తున్నాడు. పచ్చబడగానే చెయ్యి చాచాడు. రోజీ “గ్రీన్!” అంది. “గ్రీన్!” అన్నాడాయన. రైలు కదిలింది.

బిలాస్‌పూర్ చూడబోయేవారికి ఒక సలహా. పోహా బాగుంటుంది, రైలు లేటుగా వస్తుంది. ఆదివారం చర్చికి వెళితే మాత్రం మీ స్కూటర్‌ని మీరే చూసుకోవాలి. ఇదివరకు బయట మా మావయ్య ఉండేవాడు. ఇప్పుడు లోపల కూర్చుంటున్నాడు.