కొత్త బండిలో ముందు సీటు

డెబ్బైల చివర్లో నేను వరంగల్ స్టేషన్ రోడ్డుకు దగ్గర్లో ఒక ఎరువుల కొట్టులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. కొట్టుకు ఒక పాత పికప్ వ్యాను ఉండేది. పొద్దున్నే బస్తాలు వేసుకుని ఒకరోజు పరకాల వైపు, ఒకరోజు నర్సంపేట వైపు వెళ్ళేవాళ్ళం. స్టీరింగ్ ముందు డ్రైవరు, పక్కన నేను. ఊళ్ళలోని దుకాణాలకు బస్తాలు అప్పగించి, రసీదులు రాసి, డబ్బు తీసుకురావడం నా పని.

నా భార్య పెళ్ళయిన రెండో ఏడే జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. గిర్మాజిపేటలో ఒక అద్దె గది. సాయంత్రం తాళం తీసి లోపలికి వెళితే, పొద్దున మళ్ళీ తాళం వేసేదాకా నోరు విప్పే అవసరం ఉండేది కాదు. వంట చేసుకోవడం, డైరీ రాసుకోవడం, పడుకోవడం. నేను ఎవరితోనైనా మాట్లాడానంటే ఆ బండి ముందు సీట్లో కూర్చునే మాట్లాడాను.

డ్రైవరు నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. ధర్మసాగర్ దగ్గర పల్లెలో క్రైస్తవ కుటుంబం వాళ్ళది. బండి హనుమకొండ దాటేదాకా చర్చి పాటలు పాడుకునేవాడు. దాటాక నన్ను పట్టుకునేవాడు.

"ఏం వండుకున్నవ్ తమ్మీ?"

"పప్పుచారు."

"నిన్న గూడ గదే అంటివి. నిన్నటిదే ఇయ్యాల దాంక నడిపిస్తానవా?"

"లేదన్నా, కొత్తగ చేసిన."

"ఇద్దరు మనుషులు తిట్టుకోకుంట తినే కూర రుచి ఉండదు తమ్మీ. మీ వదిన నన్ను తిట్టుకుంట పెడ్తది. అందుకే నాకు గీ పొట్ట."

ఇలాంటివే మా మాటలు. వాటిని కూడా డైరీలో రాసుకునేవాణ్ణి, రాయడానికి వేరే ఏమీ ఉండేది కాదు కనుక.

ఎనభైలు మొదలయ్యాక పాత బండి ఇంజను మొరాయించసాగింది. కొట్టు యజమాని, మా సేటు, కొత్తదానికి అడ్వాన్సు కట్టాడు. ఆ రోజుల్లో బండి కొనడమంటే వరసలో నిలబడటమే. వంతు వచ్చిన నాడు ఎంత ధర ఉంటే అంత కట్టాలి. ఏడాదికోసారి, ఒక్కో ఏడు రెండుసార్లు, ధర పెరిగిందని కంపెనీ నుంచి కాగితం వచ్చేది. ఆ అంకెలన్నీ నా డైరీల్లో ఉన్నాయిగానీ ఇక్కడ దింపి ఎవరినీ విసిగించను. ధర పెరిగిన ప్రతిసారీ బండిలోంచి ఏదో ఒకటి తగ్గేది. ఒకసారి స్టెప్నీ టైరుకు వేరే డబ్బు అన్నారు. ఒకసారి జాకీకి.

"మనం బుక్ జేస్కున్నది బండిని గాదు, లైన్ల జాగను," అన్నాడు సేటు.

"ఇంకో రెండేండ్లు ఆగుతె స్టీరింగ్ గూడ మనమే తెచ్చుకోవాలె సేటూ," అన్నాడు అన్న.

చివరికి వంతు వచ్చింది. బండి తేవడానికి అన్నను, నన్ను హైదరాబాద్ పంపాడు సేటు. అక్కడి షోరూములో మా బండి ముందు క్యాబిను వరకే తయారై ఉంది. వెనక ఉత్త ఇనప చట్రం. సరుకు వేసే బాడీ మన ఊళ్ళో మనమే కట్టించుకోవాలి. అన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, వేలి కణుపుతో తలుపు మీద కొట్టాడు. ఇత్తడి బిందె కొనేటప్పుడు ఆడవాళ్ళు కొట్టి చూస్తారే, అలా.

"గిది రేకా, అప్పడమా?" అన్నాడు.

"కొత్త మోడల్ అండి. తేలిగ్గా ఉంటేనే డీజిల్ ఆదా," అన్నాడు అమ్మే కుర్రాడు.

"తేలిక జేసిన్రు గని ధర బరువు జేసిన్రేంది బాబూ?"

ఆ కుర్రాడూ నవ్వేశాడు.

తిరుగు దారిలో మాత్రం అన్న ముఖం వెలిగిపోయింది. వెనక బరువు లేక బండి గంతులు వేస్తోంది. భువనగిరి దాటాక కొంతసేపు పాట ఎత్తుకున్నాడు. జనగామలో చాయ్ తాగుతూ, రోడ్డు పక్కన ఆపిన బండిని ఎవరిదో అన్నట్టు దూరం నుంచి చూసి, "సూడు తమ్మీ, మనదే," అన్నాడు. ఇక పదేళ్ళు ఢోకా లేదనుకున్నాను. బండి గురించే కాదు, నా గురించి కూడా.

ధర అనుకున్నదానికన్నా బాగా పెరగడంతో సేటు ఫైనాన్సులో చాలా అప్పు తీసుకోవలసి వచ్చింది. బాడీకి డబ్బు మిగల్లేదు. పాత బండిని అమ్మేస్తూ, దాని మీది టేకు బాడీని మాత్రం విప్పించి దాచాడు. ములుగు రోడ్డులోని షెడ్డులో దాన్నే కొత్త చట్రం మీద బిగించమన్నాడు. మాకందరికీ ఆ ఆలోచన నచ్చింది. ఇప్పుడు అలాంటి టేకు ఎక్కడ దొరుకుతుందన్నాడు వడ్రంగి. ఆ దుంగల మీద ఏనుగును నిలబెట్టొచ్చన్నాడు అన్న. నేనూ తలూపాను. దానికి మళ్ళీ ఆకుపచ్చ రంగు వేయించి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయటికి తీశాం.

అలవాటు ప్రకారం పాత బండిలో ఎన్ని బస్తాలు వేసేవాళ్ళమో అన్నీ వేశాం. వెనక భాగం నేలకు వంగింది. ఆత్మకూరు చేరకముందే కింద పెద్ద చప్పుడైంది. బండి బరువు మోసే కమాను పట్టీలు విరిగాయి. ఎండలో బస్తాలన్నీ దించి ఇంకో బండిలో ఎక్కించేసరికి సాయంత్రమైంది. రిపేరు చేసిన మెకానిక్ చెప్పిందేమిటంటే, ఆ చెక్క బరువుకే బండి సగం నిండిపోయిందని. తేలిక రేకుతో బాడీ కట్టించడానికి సేటు దగ్గర డబ్బు లేదు. మిగిలింది ఒకటే దారి, బస్తాలు తగ్గించడం. బస్తాలు తగ్గాయి, కిస్తీ తగ్గలేదు.

రెండో నెల కిస్తీ కట్టిన మర్నాడు సేటు నన్ను పిలిచాడు. అన్న అక్కడే టైర్లలో గాలి చూస్తున్నాడు.

"రేపటి సంది నువ్వు కొట్టు కాడనే ఉండు. పైసలు ఊళ్ళోళ్ళే తెచ్చి కడ్తరు, మాట్లాడిన. ముందట ఇద్దరు పాసింజర్లను ఎక్కిస్తె రోజుకు ఎంతో కొంత ఎల్తది."

నేను సరేనన్నాను. గుమాస్తా ఇంకేమంటాడు? అన్న లేచి నిలబడ్డాడు.

"సేటూ, తమ్మి లేకుంటె నేను ఎవలతోని మాట్లాడాలె?"

"పాసింజర్లతోని మాట్లాడు. ముచ్చట్లకు గూడ కిరాయి వసూల్ జెయ్యి," అని సేటు నవ్వాడు. చెడ్డవాడు కాడు. ఆ కిస్తీలతో ఆయనకూ నిద్ర లేదు.

మర్నాటి నుంచి నాకు కుర్చీ, ఫ్యాను దొరికాయి. జీతం తగ్గలేదు. నలుగురూ అదృష్టవంతుడివన్నారు. పొద్దున బండి వెళ్ళేటప్పుడు అన్న హారను కొట్టేవాడు, నేను చెయ్యెత్తేవాణ్ణి. సాయంత్రం ఆయన వచ్చేసరికి ఒక్కోరోజు నేను కొట్టు కట్టేసి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ నెలల డైరీ ఇప్పుడు తీస్తే, పేజీకి రెండు వరసలు కూడా లేవు. ఎండ ఎక్కువ. వాన పడింది. ఇవే.

ఒకరోజు సెలవు పెట్టి, హనుమకొండ చౌరస్తా దాటి రోడ్డు పక్కన నిలబడ్డాను. మా బండి కనిపించగానే అందరిలాగే చెయ్యి చాపాను.

"యాడికి?" అన్నాడు అన్న బ్రేకు వేస్తూ. తరవాత గుర్తుపట్టాడు. "అరె, తమ్మీ! ఎక్కెక్కు!"

ముందు అప్పటికే ఒకామె ఒళ్ళో వంకాయల గంపతో కూర్చుని ఉంది. ఆమె లోపలికి జరిగితే నేను తలుపు పక్కన ఇమిడాను. మా ఇద్దరి మధ్య ఆమె, ఆమె గంప.

"ఏం వండుకున్నవ్ తమ్మీ?" ఇంజను చప్పుడుకు గట్టిగా అరిచాడు అన్న.

"టమాట తొక్కు నూరిన అన్నా," అంది ఆమె.

అన్న నవ్వాడు, నేనూ నవ్వాను. ఆమె ఇక ఆగలేదు. తొక్కు పచ్చడిలో చింతపండు ఎందుకు వేయకూడదో, పెద్ద కోడలు ఎందుకు వేస్తుందో పరకాల దాకా చెప్పింది. మంచి మనిషి. నన్ను కూడా రెండుసార్లు అడిగింది, మీ ఇంట్లో వేస్తారా అని. వేయరని చెప్పాను. అన్న గంప మీదుగా నావైపు చూడబోయేవాడు, అంతలో ఎదురుగా లారీ వచ్చేది.

పరకాలలో దిగి డబ్బు ఇవ్వబోయాను.

"నీ దగ్గర కిరాయి తీస్కుంటనా? పిచ్చి లేసిందా?"

"ఇద్దరు ఎక్కిన్రని సేటుకు లెక్క చెప్పాలె కదన్నా. నీ జేబుల నుంచి ఎందుకు?"

ఆయన తీసుకుని జేబులో వేసుకున్నాడు. "బస్తాలు దించి వస్త. వాపస్ పోయేటప్పుడు ఎవ్వలు ఉండరు. ఇద్దరమే పోదాం," అన్నాడు.

దుకాణం అరుగు మీద కూర్చున్నాను. బస్తాలు దిగేసరికి ఒకాయన భార్యను నడిపించుకుంటూ వచ్చాడు. ఆమె నిండు గర్భిణి. వరంగల్ దవాఖానకు పోవాలన్నాడు. అన్న నా వైపు చూశాడు. నేను తలుపు తీసి ఆమెను ఎక్కించాను. ఆయన ఆమె పక్కన కూర్చున్నాడు.

"వెనక ఎక్కు తమ్మీ," అన్నాడు అన్న.

"వద్దన్నా. నాకు ఈడ జర పనుంది."

పని లేదని ఆయనకు తెలుసు. బండి మెల్లగా కదిలించాడు, ఆమె కోసం. గుంతలు తప్పిస్తూ పోయింది. నేను బస్టాండుకు నడిచి వరంగల్ బస్సు ఎక్కాను. పక్క సీట్లో కూర్చున్నాయన వరంగల్ ఎప్పటికి చేరుతుందని అడిగాడు. చెప్పాను. ఆయన తువ్వాలు ముఖం మీద కప్పుకుని నిద్రపోయాడు.