బాటనీ సారు గుండు కొట్టిన గుట్ట

మొక్కలు నాటి చంపిన వాళ్లు మీలో చాలామంది ఉంటారు. అందులో విశేషం లేదు. మొక్కలు నాటడానికి వెళ్లి, ఒక్క పూటలో ఒక గుట్టకు గుండు కొట్టి వచ్చినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. అదీ బాటనీ లెక్చరర్‌నై ఉండి. నవ్వు ఇప్పుడే ఖర్చు చేయకండి, ముందు చాలా ఉంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. నేను చంపాపేట్‌లో కిరాయి గదిలో ఉంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బాటనీ చెప్పేవాణ్ణి. వారంలో మూడు రోజులు బంద్, రెండు రోజులు ధర్నా, మిగిలిన రోజుల్లో పిల్లలు రారు. పొద్దంతా ఎల్బీనగర్‌లో దీక్షా శిబిరంలో కూర్చునేవాణ్ణి. మైకు ఖాళీగా కనిపిస్తే నేను ఆగలేను. ఒకరోజు నీళ్ల గురించి, కొలువుల గురించి మాట్లాడి మాట్లాడి, చెప్పడానికి ఇంకేమీ మిగలక, "మన గుట్టలు బోడిగయినయి! మన నేల ఎడారి అయితున్నది! గా గుట్టలను మనమే పచ్చగ చేసుకుందాం!" అనేశాను. చప్పట్లు మోగాయి. దిగేసరికి ఇరవై మంది విద్యార్థులు "ఎప్పుడు పోదాం సార్?" అని నా చుట్టూ చేరారు.

బాటసింగారం దాటి హైవే నుంచి లోపలికి వెళితే ఒక పల్లె, దాని పక్కన ఒక గుట్ట. సర్పంచ్‌కు ఫోన్ చేస్తే, "గుట్టకు ఉత్తరం దిక్కు ఖాళీ జాగ ఉంది సారూ, గాడ పెట్టుకోండ్రి" అన్నాడు. ఉత్తరం ఎటో చూసుకునే తీరిక నాకు లేదు. వానలకు ముందే గుంతలు తవ్వి ఎండకు వదలాలని పుస్తకంలో చదివాను కాబట్టి, ఎండలు ముదురుతున్న రోజుల్లో, పొద్దున్నే బండ్ల మీద బయల్దేరాం. మాతోపాటు మా ఫిజిక్స్ లెక్చరర్ ప్రసాద్ గారు కూడా వచ్చారు. ఆయనది గుంటూరు. బంద్ వల్ల మెస్ మూసేశారు, మేం పులిహోర పట్టుకెళుతున్నాం, ఆయన రావడానికి ఆ కారణం చాలు.

ఊళ్లో నరపురుగు లేదు. ఆడామగా అందరూ ట్రాక్టర్లెక్కి హైవే మీద వంటావార్పుకు వెళ్లిపోయారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, బండ్లు ఆపే కార్యక్రమం అన్నమాట. ఇక్కడ మేము, మా గడ్డపారలు, గొడ్డళ్లు, గుట్ట. గుట్ట నిండా నడుమెత్తు పొదలు, ఒక్క ఆకు లేదు. చీపురు పుల్లలు గుచ్చిపెట్టినట్టు నిలబడి ఉన్నాయి.

"అంతా ఎండిపోయింది. ముందు ఇదంతా సాఫ్ చేయాలె" అన్నాను.

ప్రసాద్ గారు ఒక పుల్ల దగ్గర వంగారు. "మాస్టారూ, ఇవి నిజంగా చచ్చిపోయాయంటారా? ఓసారి గోటితో గీకి చూడండి. నాకెందుకో సీతాఫలం చెట్లేమో అనిపిస్తోంది."

ఆ గీకడానికి రెండు సెకన్లు పట్టేది. కానీ ఆ రోజుల్లో నా రక్తం వేరే టెంపరేచర్‌లో ఉండేది. పైగా విద్యార్థులు చూస్తున్నారు. "ప్రసాద్ గారూ! ఇది మా నేల. మా నేల సంగతి మాకు తెల్వదా?" అన్నాను. పిల్లలు "జై తెలంగాణ!" అని ఒక్క అరుపు అరిచారు. పాపం ఆయన, "మీ ఇష్టమండీ, మీ నేల, మీ గొడ్డలి" అని పులిహోర డబ్బా పక్కన కూర్చున్నారు.

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పాలి. నేను పుట్టింది నల్గొండ జిల్లాలోనే, కాదనను. నాలుగో ఏటనే వనస్థలిపురం వచ్చేశాను. సీతాఫలం అనోనేసి కుటుంబమనీ, సంకలిత ఫలమనీ, ఎండల్లో ఆకు రాలుస్తుందనీ బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తాను. ఆ చెట్టును ఆకుల్లేకుండా మాత్రం ఎప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన సీతాఫలం గంపలోనే కాస్తుంది.

మధ్యాహ్నం మూడింటికల్లా గుట్ట నున్నగా అయిపోయింది. మొదళ్లు కూడా పెకలించాలని నా పథకం. అప్పటికే అందరి చేతులూ బొబ్బలెక్కడంతో అది మర్నాటికి వాయిదా వేశాం. మా బద్ధకానికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

సాయంత్రం ట్రాక్టర్లు తిరిగొచ్చాయి. ముందుగా గుట్ట ఎక్కింది మల్లమ్మ. అరవై దాటిన మనిషి, చేతిలో ఇంకా వంట గరిటె ఉంది.

"ఎవలు కొట్టిండ్రు?"

"మేమే అవ్వా. ఎండిపోయినయి గదా, మంచిగ సాఫ్ చేసినం."

"ఏం ఎండినయి?"

"గీ పుల్లలు."

"గీ పుల్లలకే సీతాఫలకాయ కాస్తది, కొడుకా. ఆకు రాలింది గంతే. చావలే." ఆమె నన్ను కిందా మీదా చూసింది. "మా అత్త కాలం సంది గీ కాయనే తెంపుకపోయి దిల్‌సుఖ్‌నగర్ల అమ్ముకుంటున్నం. దసరా ఎల్లేది గీ గుట్ట మీదనే. నువ్వేం పని చేస్తవు బిడ్డా?"

"లెక్చరర్‌ని."

"ఏం చెప్తవు?"

నేను ప్రసాద్ గారి వంక చూశాను. ఫిజిక్స్ అని అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. "చెట్ల చదువు, అవ్వా" అన్నాను.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. గరిటె పక్కన పెట్టి, రాయి మీద కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఉద్యమంలో పోలీసు లాఠీ తగిలినప్పుడు కూడా అంత నొప్పి లేదు.

కాసేపటికి లేచి మొదళ్లు తడిమింది. "పీకలే గదా? జర నయం. ఈ యేడు కాయ పోయినట్టే, కూలికి పోత. చిగురొచ్చేదాక గీ గుట్టకు నువ్వే కావలి. మేకలు రావొద్దు."

ఆ రోజు నుంచి ప్రతి బంద్‌కూ నేను ఎల్బీనగర్ శిబిరం మానేసి, చేతిలో కర్రతో గుట్ట మీద ప్రత్యక్షం. తొలి వానలకు, సర్పంచ్ అసలు చెప్పిన ఉత్తరం దిక్కు ఖాళీ జాగలో గుంతలు తవ్వి వేప, నేరేడు, చింత మొక్కలు నాటాం. నరికిన మొదళ్ల దగ్గర చిన్న లేత చిగుళ్లు కూడా వచ్చాయి. నేను చిగుళ్లకు కాపలా కాస్తూ అటు మేకను తోలేవాణ్ణి, ఇటు ఇంకోటి వచ్చేది. నెల గడిచాక మేకల కాపరి యాదయ్యకు నా మీద జాలి కలిగింది.

"సారూ, ఎందుకు పరేషాన్ అయితవు? సీతాఫలం ఆకు మేక నోట్ల పెట్టదు, చేదు."

"మరి ఇన్ని దినాలు గివి గీడికి ఎందుకొస్తున్నయి?"

"నీ మొక్కల కోసం" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే, నా వేప, నేరేడు, చింత మొక్కలు వరసగా పుల్లలై ఉన్నాయి.

నేరుగా మల్లమ్మ ఇంటికి వెళ్లాను. "అవ్వా, మేకలు తిననిదానికి నన్నెందుకు కావలి పెట్టినవ్?"

"ఊకెనే. చిగురు ఎట్ల ఒస్తదో కండ్లార చూస్తవని" అంది.

శ్రావణం వచ్చేసరికి గుట్ట పచ్చగా నిండిపోయింది. ఒక్కో మొదలుకు నాలుగేసి కొమ్మలు. సరిగ్గా అప్పుడే, నేను పెరిగిన వనస్థలిపురం కాలనీ సంఘం వాళ్లు నేను నాటిన మొక్కలు చూడ్డానికొచ్చారు. అధ్యక్షుడు విఠల్‌రావు గారు రిటైర్డ్ ఇంజనీరు. "అద్భుతం సార్! ఒక్క మొక్క చావలే!" అని, ఆ పచ్చదనమంతా నేను నాటిందే అనుకుని నన్ను కౌగిలించుకున్నారు. నాకు సన్మానం, గుట్ట చుట్టూ ముళ్ల కంచె, గేటు, తాళం, నా పేరుతో బోర్డు, అన్నీ అక్కడికక్కడే ఖాయం చేశారు. నేను నోరు విప్పలేదు. బోర్డు మీద పేరంటే నాకెందుకో మైకు కన్నా ఎక్కువ ఇష్టం కలిగింది. వారం రోజులు ఆ ఇష్టంలోనే ఉన్నాను, సిగ్గులేకుండా.

సన్మానం రోజు, గుట్ట కింద షామియానాలో నాకు శాలువా కప్పుతుండగా, మల్లమ్మ వెనక నుంచి వచ్చి అడిగింది. గట్టిగా కాదు, మామూలుగానే.

"గేటు పెడ్తరంట గదా సారూ. మేం కాయ తెంపుకోవాలంటే తాళంచెయ్యి ఎవలనడగాలె?"

శాలువా ఒక్కసారి బరువెక్కింది. మైకు అందుకున్నాను. జీవితంలో మొదటిసారి, మైకంటే భయం వేసింది.

"ఈ గుట్ట మీద నేను నాటినవి అవిగో, ఆ ఎండు పుల్లలు. మేకలు తిన్నయి. మీరు చూస్తున్న పచ్చటి చెట్లు నేను నాటినవి కాదు, నరికినవి. ఇవి ఈ ఊరి ఆడవాళ్లవి. కంచె వేస్తే వాళ్లకే తాళం వేసినట్టు. కంచె వద్దు, బోర్డూ వద్దు."

విఠల్‌రావు గారు శాలువాను వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నట్టు చెయ్యి గాల్లో ఆపారు. అప్పుడు వెనక వరుసలోంచి ప్రసాద్ గారి గొంతు:

"అంటే మాస్టారూ, మీరు నాటితే చస్తాయి, నరికితే బతుకుతాయన్నమాట!"

షామియానా గుడ్డ చిరిగేలా నవ్వారు. అందరికన్నా ఎక్కువ మల్లమ్మ నవ్వింది. "సారును ఏమనకుండ్రి. ముసలి చెట్లు గూడ మంచిగ చిగురేసినయి. ఒచ్చే ఎండకాలం మల్ల రా బిడ్డా. ఏది కొట్టాల్నో నేను చూపిస్త, గదే కొట్టాలె" అంది. కంచె ఆగిపోయింది. మరుసటేడు గుట్ట నిండా కాయ కాసింది. మల్లమ్మ మొదటి గంప దిల్‌సుఖ్‌నగర్‌లో మా కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర దించి, "చెట్ల చదువు సారు యాడున్నడు?" అని క్లాసు వినేలా అరిచింది.

ఇందుమూలంగా సమస్త ప్రజానీకం ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఆకు లేని చెట్టుకు ఇకపై మరణ ధ్రువీకరణ పత్రం రాయను. గోటితో గీకి చూడమన్నవాడు ఏ జిల్లా వాడైనా, ముందు గీకుతాను. ఏ గుట్ట మీదైనా మొక్క నాటాల్సి వస్తే, గుంత తవ్వి, పక్కకు జరిగి, మొక్కను ఆ ఊరి మల్లమ్మ చేతిలో పెడతాను. ఈ ప్రమాణం ఇప్పటిదాకా తప్పలేదు. తప్పే అవకాశమూ లేదు, ఎందుకంటే మా ఇంట్లో కరివేపాకు కుండీకి నీళ్లు పోసే అధికారం కూడా మా ఆవిడ నాకివ్వలేదు.