కుక్కర్లో కేకు
మా యారాలు, అంటే మా మరిది భార్య, మహబూబాబాద్ నుంచి జనగామకు వచ్చినప్పుడల్లా స్టీలు డబ్బాలో కేకు తెచ్చేది. కుక్కర్ అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి చేస్తుందట. మా అత్తకు పళ్లు లేవు. నా గరిజెలను, అదే కజ్జికాయలను, చాయ్‌లో నానబెట్టుకుని నములుతూ సణిగే మనిషి, ఆ కేకు చూడగానే "నోట్లె ఏస్తే కరుగుతది బిడ్డా" అని మురిసిపోయేది. బిడ్డా! రోజూ వండిపెట్టే నన్ను ఏనాడూ అంత ప్రేమగా పిలవలేదు.

కడుపు మండి, ఫోన్లో చూసి నేనూ నేర్చుకున్నాను. మొదటిసారి చేసింది అట్టులా అణిగిపోతే బర్రెకు వేశాను. తర్వాతది మాడింది. ఆఖరికి ఒకటి దూదిలా పొంగింది. చెయ్యి కాలినా లెక్కచేయకుండా ఒక్క ముక్క కోసి, అత్త చేతిలో పెట్టి, ఆమె ఎదురుగానే కూర్చున్నాను.

ఆమె కళ్లు మూసుకుని తిన్నది. "మస్తుగున్నది" అన్నది. నా ముఖం ఇంకా వెలగకముందే, గుమ్మం వైపు చూస్తూ అడిగింది:

"చిన్నకోడలు ఎప్పుడొచ్చిందే? నాకు చెప్పనే లేదు."

నేను లేచి వంటింట్లోకి పోయి కేకు మీద మూత పెట్టాను.

"జర ఇంకో ముక్క తే" అని కేకేసింది అత్త.

అయిపోయిందన్నాను.